చెడ్డవారు కాకండి తల్లీ

సోమవారం పొద్దున్న ఏడు కాకముందే ఇంజినీరు ప్రొఆన్యో ఒక కొత్తమనిషిని వెంటబెట్టుకొచ్చి నాలుగో బల్ల దగ్గర నిలబెట్టాడు. ఎల్వియా తుతీల్యో తలెత్తి చూడలేదు. చూసే తీరిక ఎక్కడేడ్చింది? ఫిబ్రవరి పద్నాలుగుకి మూడు వారాలే ఉంది. లోకంలో ఉన్న ప్రేమికులందరికీ ఒక్కరోజే గులాబీలు కావాలి, అవన్నీ కయాంబె కొండ కింద ఉన్న ఈ పాలిథిన్ పందిళ్ళలోంచే పోవాలి. కోసిన పూలు బండ్లకొద్దీ హాల్లోకి వచ్చి పడుతున్నాయి. వాటిని పొడవుని బట్టి వేరుచేసి, మచ్చపడ్డవి ఏరేసి, ఇరవయ్యైదేసి చొప్పున కట్టలు కట్టడం ఎల్వియా పని. గంటకి ఇరవై కట్టలు. పదకొండేళ్ళుగా ఇదే బల్ల, ఇదే చలి, ఇవే రబ్బరు బూట్లు.

"ఎల్వితా, చెడ్డవారు కాకండి, ఈ అమ్మాయికి కాస్త పని చూపిస్తూ ఉండండి" అన్నాడు ఇంజినీరు. ఎల్వియాని తోటలో అందరూ ముద్దుగా ఎల్వితా అంటారు.

"చూపిస్తాను సరే, నా కట్టల్లో ఎన్ని తగ్గిస్తారు?" అని ఎల్వియా అడిగేసరికి అక్కడ ఆయన లేడు. శీతలగది తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఎల్వియాకి ఒళ్ళు మండింది. ఏటా ఇంతే. సీజనొచ్చిందంటే మనుషుల్ని తెచ్చి బల్లల దగ్గర దింపేసి పోతారు. నేర్పడానికి ఒక గంట ఇవ్వరు. కట్ట చెడితే మాత్రం ఆ బల్ల పెద్దదాన్ని పిలిచి అడుగుతారు. ఇక్కడ పెద్దదంటే పదకొండేళ్ళుగా వంచిన నడుం ఎత్తనిదని అర్థం.

"నా పేరు మైరెలిస్. మరకాయ్‌బో నుంచి. ఈ దేశమొచ్చి పన్నెండు రోజులైంది" అంది కొత్తామె. ముప్పై ఏళ్ళుంటాయి. ఒంటిమీద కొత్త ఏప్రాన్ మడతలు ఇంకా విడలేదు. గొంతు మాత్రం హాలు చివరిదాకా వినబడేంత ఉంది. "నీ పేరేంటి?"

నీ పేరా! ఎల్వియా చేతిలో కత్తెర ఆగింది. ఆమెకి నలభై ఏడు. ఈ కొండ ఊళ్ళలో తల్లులు చంకలో పిల్లల్ని కూడా మీరనే అంటారు. కుక్కని కసిరినా 'అవతలికి పొండి' అనే కసురుతారు.

"ఎల్వియా" అంది పొడిగా. "ఆఫీసులో ఏం చెప్పారు మీకు?"

"ఓ సినిమా వేశారు. మంటలంటుకుంటే ఎటు పరిగెత్తాలో చూపించారు. తర్వాత ఏడు కాగితాల మీద సంతకాలు. పనంతా నేర్పారు, నాకు అర్థమైంది అని చివరి కాగితంలో రాసుంది."

"నేర్పారా మరి?"

"నువ్వు నేర్పుతావన్నారు."

ఎల్వియా ఒక నిట్టూర్పు విడిచి ఒక కట్ట కట్టి చూపించింది. ముడతల అట్ట పరిచింది. పూలతలలు వరసగా పేర్చింది, మధ్యలో పల్చటి కాగితం వేసింది, మళ్ళీ పేర్చింది, అట్ట చుట్టింది, పిన్ను కొట్టింది, కాడలు సమానంగా తెగ్గోసింది, రబ్బరు వేసింది. పదకొండేళ్ళ చేతులవి. రెండున్నర నిమిషాల్లో అయిపోయింది.

"చూశారుగా?"

"ఏంటీ?" అంది మైరెలిస్.

ఇంకో దెబ్బ. పెద్దవాళ్ళు మాట్లాడింది వినబడకపోతే 'సెలవియ్యండి' అనాలి. రెండేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఎదురు బల్ల మీద పనిచేసే సోయ్లా కళ్ళెగరేసి నవ్వింది. "అబ్బో, రాణీగారొచ్చారు మీ బల్లకి" అంది.

ఎల్వియా మళ్ళీ చూపించబోయింది కానీ అప్పటికే బండి వచ్చి మూడొందల పూలు బల్ల మీద గుమ్మరించి పోయింది. "చేస్తూ ఉంటే వస్తుందిలెండి" అంది. "చెడ్డవారు కాకండి తల్లీ, ఆ రబ్బర్ల డబ్బా ఇటు జరపండి."

మైరెలిస్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. డబ్బా జరిపింది.

మంగళవారం మధ్యాహ్నానికి మైరెలిస్ కట్టిన కట్టలు పద్నాలుగు తిరిగొచ్చాయి, ఎర్ర టేపు వేసుకుని. నాణ్యత చూసే కుర్చీలోంచి ఎవరూ లేచి రాలేదు, ఏం తప్పో చెప్పలేదు. బండిలో పడేసి పంపించారు, అంతే. ఎల్వియా తిప్పి చూసింది. పూలతలలన్నీ ఒకే మట్టాన ఉన్నాయి. కట్టకి రెండంతస్తులుండాలి. కింద పన్నెండు, పైన పదమూడు, పై తలలు కింది తలలకి తగలకూడదు. తగిలితే మాస్కో చేరేలోపు రేకులు నల్లబడతాయి. ఇది ఎల్వియా వేళ్ళకి తెలుసు. నోటితో చెప్పాల్సిన సంగతని ఆమెకే తోచలేదు.

"అయ్యో, ఇది కూడా చూసుకోలేదా?" అంది. అంటూనే పిన్నులు పీకి పూలు విడదీయడం మొదలుపెట్టింది. విడదీసి కట్టడానికి కొత్తగా కట్టడం కంటే రెట్టింపు సేపు పడుతుంది. గోడమీది బోర్డులో నాలుగో బల్ల అంకె మెల్లగా జారిపోతోంది. పదకొండేళ్ళలో ఎల్వియా బల్ల మూడో స్థానం దిగలేదు. ఇప్పుడు ఆరు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెడ్డవారు కాకండి తల్లీ, తలలు రెండు వరసలుగా పెట్టండి" అంది. కళ్ళు బల్ల మీంచి తిప్పలేదు. అయినా గొంతు మెత్తగానే ఉంచుకుంది. మనసులో ఎంత మంట ఉన్నా పైకి మర్యాద తప్పడం ఎల్వియాకి రాదు.

"పెడుతున్నా" అంది మైరెలిస్ బిగదీసుకుని.

"చెడ్డవారు కాకండి, కాస్త తొందరగా."

"నేను తొందరగానే చేస్తున్నా!"

చుట్టుపక్కల బల్లలవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎల్వియా పెదవి కొరుక్కుంది. బతిమాలి అడిగితే ఇదా జవాబు? ఎంత పొగరు!

బుధవారం పొద్దున్న హాల్లోకి వస్తూనే మైరెలిస్ చెయ్యెత్తి "అందరికీ నమస్తే" అని ఒక్క కేక పెట్టి తన చోట నిలబడింది. ఎల్వియా మాత్రం అలవాటు ప్రకారం ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, బాగున్నారా అని అడిగి వచ్చింది. "చూశారా, మనల్ని గుంపుగా పలకరించేస్తోంది, మందని తోలినట్టు" అంది సోయ్లా.

పది గంటల విరామంలో ఎల్వియా ఇంజినీర్ని పట్టుకుంది. కాఫీ కప్పుతో వరండాలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఇంజినీరుగారూ, ఒక్క గంట ఇప్పించండి. మధ్యాహ్నం ఒక్క గంట. నా లెక్కలోకి వద్దు, ఆ అమ్మాయి లెక్కలోకీ వద్దు. కూర్చోబెట్టి నేర్పుతాను. ఈ వారం పని చూసి శుక్రవారం ఇస్తామన్న కాంట్రాక్టు రాకపోతే ఆమె వీసా కాగితాలు ఆగిపోతాయంట. నెలాఖరే గడువంట."

"తప్పకుండా ఎల్వితా. ఇప్పుడే చూస్తాను."

ఎల్వియాకి నీరసం వచ్చింది. ఈ తోటలో 'ఇప్పుడే' అంటే సాయంత్రమో రేపో ఎన్నటికీ కాదో అన్నవాడికే తెలియదు. "ఇప్పుడే అంటే ఈరోజేనా?" అని రెట్టించింది.

"సీజను గడవనివ్వండి. అప్పుడు అందరికీ బ్రహ్మాండంగా శిక్షణ పెడదాం."

"సీజను గడిస్తే కొత్తవాళ్ళుండరు కదండీ, ఎవరికి పెడతారు?"

ఇంజినీరు నవ్వాడు. ఆయన మంచివాడే, అదే తంటా. కోప్పడితే పోట్లాడొచ్చు. నవ్వేవాడితో ఏం పోట్లాడతాం? గోడకి చెప్పుకున్నా కనీసం గోడ కదలకుండా వింటుంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో మైరెలిస్ మూల బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. పళ్ళెంలో పప్పూ అన్నమూ కెలుకుతోంది. కుడిచేతి బొటనవేలి మొదట్లో ముళ్ళు దిగి వాచింది. ఎల్వియాకి ప్రాణం ఉసూరుమంది. పొగరుదైతే మాత్రం మనిషి కాదా? ఇంటినుంచి తెచ్చుకున్న వేయించిన మొక్కజొన్న గింజల పొట్లం తీసుకుని వెళ్ళి ఎదురుగా కూర్చుంది. పొట్లం విప్పి ముందుకు జరిపింది.

"చెడ్డవారు కాకండి తల్లీ, రెండు తీసుకోండి."

మైరెలిస్ స్పూను కిందపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం ఎత్తుకుని, సగం అన్నం చెత్తలో పడేసి బయటికి వెళ్ళిపోయింది.

ఎల్వియా ఆ పొట్లం ముందు మొద్దులా కూర్చుండిపోయింది. పదిమందిలో తలకొట్టేసినట్టయింది. ఇంక ఈ మనిషితో మాట్లాడితే ఒట్టు అనుకుంది.

ఆ సాయంత్రమే ఆఫీసునుంచి 'పనిలో తృప్తి' అని ఒక కాగితం వచ్చింది. ఐదు బొమ్మ మొహాలు, ఏడుపుమొహం నుంచి నవ్వుమొహం దాకా. మీ పనిమీద మీకెంత తృప్తి, మీ పై అధికారి మీ మాట వింటారా, ఇలా పన్నెండు ప్రశ్నలు.

"నాకివ్వలేదే?" అంది మైరెలిస్ ఎవరినీ ఉద్దేశించకుండా.

"ఏడాది దాటినవాళ్ళకే" అని సోయ్లా జవాబిచ్చింది.

కాగితాలు వసూలు చేసేది ఇంజినీరే. ఎల్వియా పన్నెండు నవ్వుమొహాల మీదా టిక్కు పెట్టి ఇచ్చేసింది. పెట్టేటప్పుడు పెన్ను కాగితానికి చిల్లు పడేలా నొక్కింది.

గురువారం మూడుగంటలకి మైరెలిస్ నీళ్ళు తాగొస్తానని వెళ్ళి రాలేదు. పావుగంట చూసింది ఎల్వియా, అరగంట చూసింది. ఈలోపు ఆఫీసు కుర్రది వచ్చి, లిసెన్సియాదా పిలుస్తున్నారు, నాలుగో బల్ల కత్తెర అప్పగింత మీద సంతకం పెట్టాలట అంది.

లిసెన్సియాదా అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే పట్నం ఆవిడ. పొద్దున్నే వేసుకున్న లిప్‌స్టిక్కు సాయంత్రం దాకా చెదరదు. ఆవిడ బల్లముందు మైరెలిస్ సొంత బట్టల్లో నిలబడి ఉంది. ఏప్రాన్, బూట్లు, కత్తెర బల్లమీద ఉన్నాయి.

"ఏమైంది?" అంది ఎల్వియా.

"మానేస్తున్నారు. రాజీనామా సంతకం అయిపోయింది" అంది లిసెన్సియాదా. "మీరిక్కడ ఒక సంతకం పెట్టండి ఎల్వితా."

"రేపే కదా కాంట్రాక్టు!" ఎల్వియా మైరెలిస్ వైపు తిరిగింది. మాట్లాడనన్న ఒట్టు గుర్తురాలేదు. "ఒక్కరోజు ఓర్చుకుంటే చేతికొచ్చేది. పని అంత కష్టమైందా?"

"పనా?" అంది మైరెలిస్. "పని కష్టమని నేనన్నానా? మా ఊళ్ళో నేను చేపల రేవులో పదహారు గంటలు నిలబడి పనిచేశాను. పని కాదు. నువ్వు!"

"నేనా?"

"నువ్వే! పొద్దున్న లేచింది మొదలు చెడ్డదానివి కాకు, చెడ్డదానివి కాకు, చెడ్డదానివి కాకు. డబ్బా ఇమ్మన్నా అదే, తొందరగా కానిమ్మన్నా అదే. అన్నం దగ్గర కూడా వదల్లేదు! నేనేం చెడు చేశాను నీకు? నీ సొమ్మేమన్నా తిన్నానా? రాత్రుళ్ళు పడుకుని ఏం చేశానా అని వెతుక్కున్నాను. వలసొచ్చినదాన్నని అంటున్నావనుకున్నాను. మా వాళ్ళని దొంగలంటారని విన్నాను, అందుకేననుకున్నాను."

లిసెన్సియాదా పకపకా నవ్వింది.

"అయ్యయ్యో! అది తిట్టు కాదమ్మా! ఇక్కడ మేం దయచేసి అనడానికి అలా అంటాం. కొంచెం మంచిగా ఉండి ఈ సాయం చెయ్యండీ అని. బజార్లో అంటాం, చర్చిలో అంటాం, నేనూ రోజుకి వందసార్లు అంటాను. భలేవారే!"

మైరెలిస్ నవ్వలేదు. ఎల్వియా కూడా నవ్వలేదు. నాలుగు రోజులుగా ఈ తోటలో ఈ పిల్లతో మర్యాదగా మాట్లాడింది తనొక్కతే అనుకుంది. ఇంజినీర్ని తిట్టుకుంది, ఆఫీసుని తిట్టుకుంది, నాణ్యత కుర్చీని తిట్టుకుంది. ఇంతా చేసి ఈ పిల్లని తరిమింది తన మర్యాద.

"దయచేసి అనా?" అంది మైరెలిస్ మెల్లగా. "ఆ గింజలప్పుడు కూడా?"

"అప్పుడు కూడా" అంది ఎల్వియా. "లిసెన్సియాదా, ఆ కాగితం చింపేయండి."

"అదెలా కుదురుతుంది? కంప్యూటర్లో ఎక్కేసింది. ఒకసారి మానేసినవాళ్ళని ఆరునెలలదాకా తీసుకోకూడదని రూలు."

"అయితే కారణమైనా సరిగ్గా రాయండి. పని నేర్పలేదు, మాట తెలియలేదు అని రాయండి. నా పేరు కూడా రాయండి."

"అలాంటి గడి లేదు ఎల్వితా. ఆరోగ్యం, చదువు, ఊరు మారడం, సొంత కారణాలు. సొంత కారణాలు పెట్టాను." ఆవిడ ఓదార్పుగా తెర ఇటు తిప్పింది. "మీరెందుకండీ బాధపడతారు? ఇది మామూలే. చూడండి."

ఎల్వియా వంగి చూసింది. ఏడాదిలో నాలుగో బల్లకి వచ్చి పోయినవాళ్ళ జాబితా. తొమ్మిది పేర్లు. తొమ్మిదింటి పక్కనా సొంత కారణాలు. ఒకరు మూడురోజులు, ఒకరు వారం, ఒకరు ఒక పూట. పేర్లు ఒక్కొక్కటే చదివింది. నాలుగు పేర్లకి మొహాలు గుర్తొచ్చాయి. మిగతా ఐదుగురు ఎలా ఉంటారో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఈ కాలం పిల్లలకి ఒళ్ళొంగదు, నిలవరు అని సోయ్లాతో ఎన్నిసార్లంది! తొమ్మిదిమందికీ ఒకే బల్ల దగ్గర సొంత కారణాలు పుట్టుకొచ్చాయా?

తలెత్తేసరికి మైరెలిస్ లేదు.

ఎల్వియా హాలు వైపు పోలేదు. గేటు వైపు నడిచింది, తర్వాత పరిగెత్తింది. బూట్లలో కాళ్ళు జారుతున్నాయి. అందరూ గౌరవంగా డాన్ సెగుండో అని పిలిచే గేటు కాపలాదారు "ఎల్వితా, ఎక్కడికి? పాసు?" అని అరుస్తున్నా ఆగలేదు.

రోడ్డవతల బస్సుకోసం మైరెలిస్ రాయి మీద కూర్చుని ఉంది. ఎల్వియా ఆయాసంతో ఆమె ముందు నిలబడింది. క్షమించమని అడగడానికి కూడా నోటికొచ్చిన మొదటి మాట ఆ పాడుమాటే. మింగేసింది.

"ఎక్కడికి వెళ్తారిప్పుడు?"

"కింద ఇంకో తోట ఉందంట కదా. అక్కడ అడుగుతా. వాళ్ళు రెండువారాలు చూసిగానీ కాంట్రాక్టివ్వరంట." మైరెలిస్ చేత్తో ముక్కు తుడుచుకుంది. "గడువు దాటిపోతుంది. ఏదో ఒకటి చేస్తా. పొడిగించమని కాళ్ళు పట్టుకుంటా."

ఎల్వియా చుట్టూ చూసింది. గట్టున ఎండిన గడ్డి మధ్య అడవి ఆవమొక్కలు ఏపుగా ఉన్నాయి. వంగి పసుప్పచ్చ పూలున్న కాడలు తెంపడం మొదలుపెట్టింది. లెక్కపెట్టి ఇరవయ్యైదు తెంపింది. ఏప్రాన్ విప్పి రాయి మీద పరిచింది.

"ఇలా రండి. ఇది కింది అంతస్తు. పన్నెండు. తలలు వేలెడు కిందికుండాలి. ఇప్పుడు కాగితం. కాగితం ఉందనుకోండి. దానిమీద పదమూడు. చూడండి, పైది కిందిదాన్ని తాకకూడదు. ఎందుకంటే బరువుకి రేకు నలుగుతుంది, నలిగితే నల్లబడుతుంది. అందుకే వెనక్కి పంపారు మీవి. అంతేగానీ మీ చేతిలో తప్పు లేదు. ఊఁ, మీరు చేయండి."

మైరెలిస్ ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. తర్వాత రాయి దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటిసారి వంకరగా వచ్చింది. రెండోసారి ఎల్వియా ఆమె మణికట్టు పట్టుకుని ఏ కోణంలో తిప్పాలో తిప్పింది. మూడోసారి కట్ట నిలబడింది.

"తొడుగులు రెండు జతలడగండి. లోపల గుడ్డవి, పైన రబ్బరువి. ఎవరూ ఇవ్వరు, అడిగితేనే ఇస్తారు. బొటనవేలికి ముందే టేపు చుట్టుకోండి. బూజు పైకి కనబడదు, బయటి రేకు ఎత్తి చూడాలి. కాళ్ళకింద చెక్కపలక ఒకటి వేయించుకోండి, లేకపోతే నెలకల్లా మోకాళ్ళు పోతాయి. పొద్దున్నే ఒక్కొక్కళ్ళనీ విడిగా పలకరించండి, లేకపోతే పొగరంటారు. నేనూ అన్నాను. 'ఇప్పుడే' అన్నారంటే నమ్మకండి, ఏ పూటో అడిగి చెప్పించుకోండి. వినబడకపోతే ఏంటీ అనకండి, సెలవియ్యండి అనండి. నువ్వు అనకండి, మీరనండి."

"అందరినీనా?" అంది మైరెలిస్. "మరి నువ్వు అని ఎవరినంటారు ఇక్కడ?"

"దేవుణ్ణి" అంది ఎల్వియా.

మైరెలిస్‌కి నవ్వొచ్చింది. నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం ఎల్వియా చూడటం ఇదే మొదలు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

"ఇదంతా సోమవారమే చెప్పి ఉండొచ్చుగా?" అంది.

ఎల్వియా దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. సీజను, బోర్డు, ఇంజినీరు, గంటకి ఇరవై.

"చెప్పొచ్చు" అంది.

బస్సొచ్చింది. మైరెలిస్ ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుని ఏదో అనబోయింది గానీ బస్సు కదిలిపోయింది. అంటే ఏమనేదో ఎల్వియాకి తెలియదు. పసుప్పచ్చ పూల కట్ట రాయి మీదే ఉండిపోయింది.

ఎల్వియా ఏప్రాన్ దులుపుకుని కట్టుకుంటూ రోడ్డు దాటింది. డాన్ సెగుండో పుస్తకం తెరుచుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఇరవై నిమిషాలు ఎల్వితా. పాసు లేకుండా" అన్నాడు నొచ్చుకుంటూ. "నేను రాయక తప్పదు."

"ఇరవయ్యేనా?" అంది ఎల్వియా.

"గడియారం చూసి చెబుతున్నాను. ఇరవై."

ఎల్వియా గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది. ఇరవై నిమిషాలు. అందులోనే రెండంతస్తుల కట్టా, తొడుగులూ, బూజూ, పలకరింపులూ అన్నీ అయిపోయాయి. దేవుడి సంగతి కూడా అయింది. ఇంజినీర్ని గంట అడిగింది తను. గంట కూడా అక్కర్లేదు.

"ఎక్కడికి వెళ్ళారని రాయను?" అన్నాడు డాన్ సెగుండో పెన్ను నాలుకకి తడుపుకుంటూ. "సొంత పని అని రాసేయనా? అదైతే ఎవరూ అడగరు."

"సొంత పని కాదు" అంది ఎల్వియా. "కంపెనీ పని అని రాయండి."